ముందే నిండిన గడులు

డాక్టరు గారికి,

మీకు శాంతి సమాధానాలు కలుగుగాక అని ఉత్తరం మొదలుపెట్టడం పాస్టరుగా నా అలవాటు. ఈసారి ముందు మీరే నాకు సమాధానం చెప్పాలి.

ఈరోజు ఇరవై రెండో తారీఖు. మనవరాలికి టీకా వేయించాలని పొద్దున మీ క్లినిక్‌కు వచ్చాను. టీకాల ఫ్రిజ్ మీద రోజూ చలి కొలిచి రాసే కాగితం అంటించి ఉంది. ముప్పయ్యో తారీఖు దాకా ప్రతి గడిలోనూ నాలుగు డిగ్రీలని రాసి, కింద మీరు సంతకం కూడా పెట్టేశారు! తలుపు తీయించి చూస్తే లోపల మందు సీసాలు గోరువెచ్చగా ఉన్నాయి.

"ఇదేంటమ్మా?" అని నర్సమ్మను అడిగాను.

"తనిఖీవాళ్లు ఎప్పుడు ఊడిపడతారో తెలీదు కదా అయ్యగారూ! అందుకే ఒకటో తారీఖునే నింపేస్తాం," అంది.

బైబిలు వాక్యంలో ఎందరో ప్రవక్తల గురించి చదివాను. రేపటి చలిని అంకె వేసి చెప్పినవాడు ఒక్కడూ కనబడలేదు. చివరికి మీరు కనబడ్డారు! మీ క్లినిక్ గోడకు తగిలించిన నాణ్యతా పత్రం ఈ ప్రవచనానికి దొరికిన బహుమానమా?

మనవరాలిని వెనక్కి తీసుకొచ్చేశాను. కానీ పోయిన వారం పన్నెండు మంది పసివాళ్లకు అదే ఫ్రిజ్‌లోని మందు వేశారు. సూదంటే భయపడిన ఆ తల్లులకు వాక్యం చెప్పి, బతిమాలి మీ దగ్గరికి పంపింది నేనే. ఆ మందు పనిచేస్తుందా? పిల్లలకు మళ్లీ వేస్తారా? శనివారంలోగా కాగితం మీద రాసివ్వండి. మీరు నోరు విప్పకపోతే ఆదివారం కూటంలో నేనే విప్పుతాను. మొదటి తిట్టు నాకే పడుతుంది, పడనివ్వండి. ఆ వెంటనే పన్నెండు మంది తల్లులనూ వెంటబెట్టుకుని మీ గుమ్మం ఎక్కుతాను.

ఇట్లు,
వాళ్లను పంపినవాడు