కానుగ మొక్కలకు అందని నీళ్ళు

సుభద్రా,

నీ సంవత్సరీకం ముగించి, ఎమ్మిగనూరులో నీవు పాఠాలు చెప్పిన బడికి వెళ్ళినాను. పిల్లలు పళ్ళాలు కడిగిన నీళ్ళు కానుగ మొక్కలకు పారేటట్లు నీవు తీయించిన కాలువను సిమెంటుతో పూడ్చినారు. మొక్కలు ఎండుతున్నాయి. తరగతి గోడల నిండా మాత్రం ప్లాస్టిక్ తీగలు!

"పచ్చని తరగతి పోటీలో మనదే ఫస్టు సామీ! వీటికి నీళ్ళు పోసే పనే ల్యాదు," అని హెడ్మాస్టరు నవ్వినాడు.

"అయితే ఎండాకాలం పిల్లల్ని ఈ తీగల నీడలోనే కూర్చోబెట్టు నాయనా," అన్నాను.

జలాన్ని తల్లిగా కొలిచే వేదం చదివి ఊరకుండలేకపోయినాను. గడ్డపార తెప్పించి, అతని కళ్ళెదుటే సిమెంటు పగలగొట్టినాను. చేతులు బొబ్బలెక్కినాయి, సగమే పగిలింది. రేపు మళ్ళీ వెళ్తాను. గేటు మూస్తే గోడ దూకే వయసు కాదు గానీ, గేటు ముందు కూర్చునే ఓపిక ఉంది.