మా టేకు చేపల తొట్లలో ఉప్పు ఎవరు వెయ్యాలన్న సంగతి

రాచబురి దగ్గర బాన్ పోంగ్‌లో, కాలవ గట్టున చేపల షెడ్డు నడుపుకుంటున్న సంగ్వియన్ అనే నేను, మతి స్థిమితంగా ఉండగానే, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. బలవంతం లేదు గాని విసుగుంది. మతి బాగుందని డాక్టరు కాగితం ఇచ్చాడు. విసుగుకి కాగితం అక్కర్లేదు. నా అల్లుణ్ణీ నా తమ్ముణ్ణీ ఒక గదిలో కూచోబెడితే చాలు. ఇంతకు ముందు నేను రాసినవన్నీ రద్దు.

1. ఇల్లు, ఇంటి వెనక మామిడి చెట్లు నా కూతురు లమ్‌దువాన్‌కి. ఈ వీలునామా అమలు చేసేది కూడా ఆమే. వాళ్ళమ్మ కారం నూరిన రాతి రోలు కూడా తనకే. దాని అంచు పగలగొట్టింది నేను కాదు. చనిపోయేదాకా మా ఆవిడ నమ్మలేదు, కూతురైనా నమ్మాలి. షెడ్డు మాత్రం వద్దని ముందే చెప్పేసింది: "చేపలిచ్చే వంకతో ఈ ఇద్దరి గొడవా నాకే రాసిపెడతావు నాన్నా, నీ సంగతి నాకు తెలీదూ?"

2. నా చిన్న పడవ, ఈ కాగితానికి సాక్షిగా ఉన్న నా నేస్తం చమ్‌లోంగ్‌కి ఇద్దామనుకున్నాను. సాక్షికి గాని, సాక్షి పెళ్ళానికి గాని ఏమీ రాయకూడదట. సంతకం పెట్టే మనిషి ఇంకొకరు దొరక్క పడవ పోగొట్టుకున్నాడు, పాపం. అది కూడా లమ్‌దువాన్‌కే. అతను అడిగితే కాదనకుండా ఇవ్వాలి.

3. ఇక షెడ్డు. అందులో ఉన్నవి మంచినీటి టేకు చేపలు. నల్లటి ఒంటి మీద తెల్ల చుక్కలతో, తోకలో విషపు ముల్లుతో, పళ్ళెంలా అడుగునే పరుచుకుని పడుంటాయి. వాటిలో పెద్దదాన్ని అందరం అమ్మమ్మ అంటాం. ఇప్పుడు మళ్ళీ కడుపుతో ఉంది. నేను పోయాక అది బతకాలి. ఈ కాగితమంతా అందుకే.

అల్లుడు క్రియెంగ్‌ది సముద్రపు ఒడ్డునున్న సముత్ సాఖోన్, ఉప్పు మళ్ళ కుటుంబం. పెళ్ళి ఊరేగింపులో అరటి మొక్కల వెనక ఉప్పు బస్తాలు మోసుకొచ్చిన వాళ్ళను నేను ఇంకెక్కడా చూడలేదు. ఆ ఇంట్లో పంటి నొప్పికి ఉప్పు, పురుగు కుడితే ఉప్పు, దిగులేసినా ఉప్పేననుకుంటాను. "సముద్రం జాతి కదా నాన్నా, ఉప్పంటే వీటికి పుట్టిల్లు" అంటాడు. పుట్టిల్లు వదిలి ఎన్ని తరాలైందో ఆ చేపకే తెలియదు. ఉప్పు నీళ్ళలో బతికే కిటుకు దాని ఒంట్లోంచి ఎప్పుడో పోయింది.

పోయిన ఎండాకాలం నేను కంటి ఆపరేషనుకి ఆసుపత్రిలో చేరాను. ఎండకి తొట్లలో నీళ్ళు తగ్గాయి. తగ్గినప్పుడల్లా మావాడు కొత్త నీళ్ళు పోశాడు, పోసినప్పుడల్లా గుప్పెడు ఉప్పు చల్లాడు. నీళ్ళు ఆవిరవుతాయి, ఉప్పు అవదు. ఈ ముక్క లోకంలో ఇంకెవరికి తెలియకపోయినా సరే, తాతల నాటి నుంచి వాళ్ళు తింటున్న అన్నమే దీని మీద! మడిలో నీళ్ళు పెట్టి, ఎండ తాగేయగా మిగిలింది గోరుకునే మనిషి, తొట్టి దగ్గరికొచ్చేసరికి ఆ ఎండే ఉప్పు కూడా తాగేస్తుందనుకున్నాడు. పైగా కరిగించి పోయలేదు. ఉప్పు గళ్ళు నేరుగా అమ్మమ్మ వీపు మీద పడి చర్మం కాలింది. నేనొచ్చేసరికి దాని అంచులు వేయించిన అప్పడంలా పైకి ముడుచుకున్నాయి.

పోనీ తమ్ముడు తావిల్‌కి రాద్దామా? ఏదో చదివి, "అన్నా, ఉప్పు విషం, ఒక్క రవ్వ పడనివ్వను" అని కూచున్నాడు. వానాకాలంలో ఫిల్టరు స్పాంజిని తనే కుళాయి కింద తళతళలాడేలా కడిగేశాడు. అందులో ఉండి చేపల మలినాన్ని తినేసే మంచి సూక్ష్మజీవులు కుళాయి క్లోరినుకి చచ్చి, నీళ్ళు విషమై, చేపలు ఎగశ్వాస తీశాయి. అప్పుడు తూచి, కరిగించి కాస్త ఉప్పు పోస్తే ఆ విషానికి అడ్డుపడేది. క్రియెంగ్ ఉప్పు గిన్నెతో పరిగెత్తుకొస్తే వీడు తొట్టికి అడ్డంగా చేతులు చాపాడు. "ముందు నన్ను చంపి తర్వాత వెయ్యి!" "మీరెక్కడ చస్తారు బాబాయ్, చచ్చేది చేప!" చచ్చింది. పడుచు మగ చేప.

ఉప్పు అన్నం కాదు, మందు. ఈ చిన్న మాట రెండు పెద్ద బుర్రలకి ఎక్కించలేక నా గొంతు పోయింది.

అయినా షెడ్డు, తొట్లు, అమ్మమ్మతో సహా చేపలన్నీ క్రియెంగ్‌కే. అమ్మమ్మ ముడుచుకున్న రోజున తమ్ముడు ఒడ్డున నిలబడి "నేను చెప్పానా లేదా?" అన్నాడు. ఇతను తొట్టిలో దిగి నీళ్ళు మారుస్తూనే ఉన్నాడు. దాని తోక ముల్లు మడమలో దిగి కాలు స్తంభంలా వాచినా బయటికి రాలేదు. "నా కాలు తర్వాత నాన్నా, ముందు దాన్ని చూడు" అన్నాడు. మొద్దే. కానీ నీళ్ళలో దిగిన మొద్దు.

4. ఉప్పు బస్తాలన్నీ, త్రాసుతో సహా, తావిల్‌కి. అవి కాలవ అవతల వాడి ఇంట్లోనే ఉండాలి. క్రియెంగ్ షెడ్డులో ఉప్పు ఉంచకూడదు, కన్నవారింటి నుంచి తెచ్చుకోకూడదు. అవసరమైతే వంతెన దాటి వెళ్ళి, ఎందుకో చెప్పి అడగాలి. తావిల్ స్వయంగా వచ్చి చేపను చూడకుండా కాదనకూడదు. ఔనంటే తనే తూచాలి, తనే కరిగించి పోయాలి.

5. ఎవరు మాట తప్పినా లమ్‌దువాన్ చేపలన్నీ అమ్మేయాలి, జాలి పడకూడదు. నా చితి ఆరకముందే మీరిద్దరూ ఉప్పు కోసం కొట్టుకుంటారని నాకు తెలుసు. కొట్టుకోండి. కానీ గుమ్మంలో కాదు, కాలవ గట్టున కాదు. అమ్మమ్మ తొట్టి పక్కన కూచుని, అది ఊపిరి ఎలా తీస్తోందో చూస్తూ కొట్టుకోండి.

బాన్ పోంగ్, బుద్ధ శకం 2567, మే 9.

(సంతకం) సంగ్వియన్

నా కళ్ళెదుటే, ఒకేసారి సంతకం చేసిన సాక్షులు:
చమ్‌లోంగ్, రైల్వేలో పనిచేసి రిటైరైనవాడు
సోమ్‌జిత్, కాలవ పక్క నూడుల్స్ కొట్టు