గుండుకు వేసిన పట్టీ

రావల్కోల్,
శుక్రవారం పొద్దున.

రైలు పట్టాల సంరక్షకులు, మా ఇంటి పెద్దలు అయిన నాయిన గారికి, మీ ఏకైక పుత్రరత్నం ఆకాశ్ దండం పెట్టి మనవి చేసుకునేది. ఇక్కడ నేను, అవ్వ, అవ్వ కోళ్ళు అందరం మంచిగున్నం. ఈ మంచిగుండుడు ఈ ఉత్తరం రాస్తున్న గడియ వరకే అని గమనించగలరు. ముద్ఖేడ్ క్వార్టర్ల మీరు, అమ్మ గూడ మంచిగున్నరని తలుస్తున్న.

ఇగ మీరు, గీరు నాతోని గాదు నాయినా. నువ్వు అనే రాస్త.

నీ ఫోన్ పట్టాల మీద పడి పగిలిందని ఎల్లేష్ మామ చెప్పిండు. నీ చిట్టీ గూడ ఇచ్చిండు. ఫోన్ పోయినందుకు నాకు పెద్ద బాధ లేదు. ఫోన్ల నేనేం చెప్పినా "మజాక్ ఆపు" అని కట్ చేస్తవు. కాయితాన్ని కట్ చేయలేవు. మామకు సెలవు అయిపోయింది, సాయంత్రం బండికి మళ్ళ నీ గ్యాంగులకే వస్తుండు. ఇది ఆయన చేతికే ఇస్తున్న.

నీ ప్రశ్నలకు వరుసగ జవాబులు. అవ్వ బీపీ గోళీలు వేసుకుంటున్నది. నేను ఎదురుంగ నిలబడి, నాలుక కింద గూడ చూసినంకనే వదులుతున్న.

రెండోది. "డిగ్రీ చదివినోడు రాళ్ళు చేసుడేంది, మన గుట్ట నిండ రాళ్ళే కద" అని అడిగినవు. న్యాయమైన ప్రశ్న. కొంపల్లిల ఉబేద్ సాబ్ అని రిటైరైన పెద్దమనిషి ఉన్నడు. మేడ మీద ఒక రూమంతా బొమ్మ రైలు నడిపిస్తడు. ఆ పట్టాల పక్కన మన దిక్కు గుట్టలే కావాలంటడు. వీడియోలు చూస్తే అందరూ పొరలు పొరల కొండలు చెక్కుడే నేర్పుతరు. మన రాయి అట్లుంటదా? ఉల్లిగడ్డ లెక్క పెచ్చులూడుతది, ఒకదాని మీద ఒకటి ఎవరో పెట్టి మరిచిపోయినట్టు నిలబడుతది. అందుకే నేను చెక్కుడు బంద్ చేసి అసలు రాయి మీదనే పడ్డ. పల్చని రబ్బర్ పాలు రాయికి పూతలు పూతలుగ రుద్ది, ఆరినంక తోలు లెక్క ఒలుస్త. ఆ తోలుల పీఓపీ పిండి నీళ్ళల్ల కలిపి పోస్తే, గట్టిపడినంక అదే రాయి, అదే గరుకు. ఆ పైన చాయ్ రంగు నీళ్ళు, నల్ల నీళ్ళు. నల్లవి పగుళ్ళల్లకు దిగుతయి, మిగిలింది గుడ్డతోని తుడిచేస్త. మొదటిది ఇచ్చిన రోజు ఉబేద్ సాబ్ దాన్ని రెండు చేతులతోని ఎత్తబోయి, తేలిగ్గ లేచేసరికి వెనకకు తూలిండు. "అరె మియా, బరువుంటదనుకున్న" అన్నడు. నాకు అంతకంటే పెద్ద పట్టా ఏ కాలేజీ ఇయ్యలే.

మూడోది, పెండ్లిసూపుల గురించి. అది చెప్పాలంటే ముందుగాల రాయి సంగతి చెప్పాలె.

ఆ మొదటి రాయి మన ఇంటి వెనక గుట్ట మీద, సరిగ్గ ఇంటి నెత్తిన ఉన్న పెద్ద గుండుదే. పోయిన చలికాలం దాని అడుగున, కింది బండ మీద ఆనిన కాడ అచ్చు తీసిన. మొన్న దసరా తర్వాత ఉబేద్ సాబ్ చెయ్యి జారి దాని మూల విరిగింది. ఇంకోటి కావాలన్నడు. మళ్ళ గుట్టెక్కి, అదే చోట అచ్చు తీసి పోసిన. చూస్తే తేడా. మొదటి దాంట్ల వెంట్రుక లెక్క ఉన్న పగులు, రెండో దాంట్ల గోరు పట్టేటంత ఉంది. రబ్బర్ సాగింది, నా చెయ్యి ఖరాబైంది అనుకున్న. ఇజ్జత్ పోతదని పగుల్ల పుట్టీ నింపి, రంగేసి పట్కపోయిన.

ఉబేద్ సాబ్ రెండూ పక్కపక్కన పెట్టి అద్దాలు తుడుసుకున్నడు. "పుట్టీ పెట్టినవ్ కదా?"

"కొద్దిగ, సాబ్. రబ్బర్ సాగింది."

"సాగితే అంతా సాగాలె. ఒక్క పగులే ఎందుకు సాగుతది మియా?"

అదే పూట గుండు కాడికి ఉరికిన. పగుల్ల పెన్సిల్ దిగింది నాయినా. గుట్టకు ఆవలి దిక్కు వెంచరోళ్ళు ప్లాట్ల కోసం రోజూ పగటిపూట బండలు పేలుస్తున్నరు. మన అర్రల గిన్నెలు గలగలమంటయి. అవ్వ ఏమో "మీ నాయిన రైలు పోతాంది" అంటది. వెంచర్ మేస్త్రికి చెప్పిన, ఆయన తలకాయ ఊపిండు. మండల ఆఫీసుల దరఖాస్తు ఇచ్చిన, వచ్చి చూస్తమన్నరు. అవ్వకు చెప్తే, "గా గుండు మీ తాత పుట్టకముందు సంది గట్లనే ఉన్నది, పో" అన్నది.

ఇగ ఆమెను ఇల్లు ఎట్ల దాటించాలె? అబద్ధం ఆడిన. నువ్వు, అమ్మ కలిసి నాకు మేడ్చల్ల పిల్లను చూసిన్రని, వాళ్ళు కొంపల్లిల నా కిరాయి రూముకే వస్తున్నరని చెప్పిన. గుండుకు కదలని అవ్వ దీనికి రెక్కలు కట్టుకోని వచ్చింది. మురుకులు చేసింది. రూము ఓనర్ బుచ్చమ్మను పిల్ల ఎత్తు ఎంతని అడిగింది. బుచ్చమ్మ తెల్లముఖం వేసేసరికి నా దిక్కు తిరిగింది.

"పిల్ల పేరేందిరా?"

"దీప."

"ఇంటిపేరు?"

నాయినా, నాకు ఇంటిపేరు తట్టలే. ఎదురుంగ క్యాలెండర్ మీద ఉన్న బట్టల దుకాణం పేరు చెప్పిన. అవ్వ గూడ అదే క్యాలెండర్ చూసింది. మురుకుల డబ్బా సంకల పెట్టుకోని బస్సెక్కింది. నీ దాక వచ్చిన పెండ్లిసూపుల ముచ్చట గింతే. పిల్ల లేదు. అమ్మను ఆశ పెట్టుకోవద్దని చెప్పు.

గప్పటి సంది గుండు పేరెత్తితే, "దానికి గూడ పెండ్లిసూపులా బిడ్డా" అంటది. ఇంకో ముచ్చట గూడ నీకు దాచిన. నేను కొంపల్లిల ఉంటలేను. అవ్వ రాదు గన్క నేనే ఇక్కడికి వచ్చి, ఆమె మంచం పక్కన పండుతున్న. మన ఇంట్లనే, గుండు కిందనే.

బుధవారం ఒక ఉపాయం చేసిన. పగులుకు అడ్డంగ పల్చని పీఓపీ పట్టీ వేసిన. గుండు కదలకపోతే పట్టీ ఉంటది, కదిలితే పటుక్కున తెగుతది. ఆ పగలే పేలుడైనంక తెగింది. అవ్వను చెయ్యి పట్టి మీదికి తీస్కపోయి చూపించిన.

"నువ్వే ఇరగ్గొట్టినవ్" అన్నది.

"అయితే నువ్వే పెట్టు."

పెట్టింది. పిడక కొట్టినట్టు అరచేత్తోని కొట్టింది, వేళ్ళన్నీ అచ్చు పడ్డయి. నిన్న పేలుడు దాక నన్ను కండ్ల ముందటి నుంచి కదలనియ్యలే. మూత్రానికి పోయినా "యాడికి" అన్నది. సాయంత్రం ఇద్దరం ఎక్కినం. పట్టీ మీది అవ్వ చెయ్యి రెండు తునుకలైంది. బొటనవేలు అటు, మిగిలిన వేళ్ళు ఇటు.

అవ్వ పగుల్ల వేలు పెట్టి చూసింది. తీసి చీరకు తుడుసుకున్నది. కిందికి దిగినంక, "ఎల్లేష్ మామ ఇంటికి పోదాం నడువ్" అని నేనంటే దర్వాజ పట్టుకోని నిలబడ్డది.

"దర్వాజ ఊడదియ్యాలె. చౌకట్టుతోని."

"ముందుగాల నువ్వు రా అవ్వా. దర్వాజ రేపు చూద్దాం."

"రేపు గుండు దొర్లితే మట్టిల నుంచి గుంజుతవా? మీ తాత టేకు తెచ్చి నిలబెట్టిండు. గుండుకు ఇల్లు గావాల్నంటే తీస్కోనీ. దర్వాజ ఎందుకియ్యాలె?"

ఈ పొద్దు నేను, ఎల్లేష్ మామ గడ్డపారలు పట్టుకోని వస్తే అవ్వ దర్వాజ కడప మీద కూసున్నది. తాత నిలబెట్టింది తాత కొడుకు చెయ్యి పడకుండ లేవొద్దట. నువ్వు వచ్చి పట్టుకుంటేనే లేస్తదట, తర్వాత ఎక్కడికైనా వస్తదట. చాన బతిమాలితే, పేలుడు టైముకు మాత్రం కోళ్ళ గంప పట్టుకోని రోడ్డు మీదికి వచ్చి నిలబడ్తనన్నది. రాత్రికి మళ్ళ ఇంట్లనే.

నాయినా, అవ్వ నా మాట నమ్ముడు బంద్ చేసింది, అది నా తప్పే. నువ్వు నమ్ము. అవ్వ వేళ్ళ అచ్చున్న పట్టీ తునుకలు రెండూ పేపర్ల చుట్టి మామకు ఇస్తున్న, పక్కపక్కన పెట్టి చూడు. రేపు పొద్దుటి బండికే రా. చదువుతుంటే నీకు నవ్వొస్తే వచ్చెగాక, రైల్ల కూసోని నవ్వు.

ఇట్లు,
దర్వాజకు ఒక దిక్కు పట్టుకోని,
రెండో దిక్కు నీకోసం వదిలిపెట్టిన
నీ కొడుకు
ఆకాశ్