పదహారు జీబీల పెట్టె

ప్రియమైన తమ్ముడికి,

ఫోన్‌లో మాట్లాడదామంటే మీ బావ పక్కనే ఉంటారు, అందుకే రాస్తున్నాను. ఆయన ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. కుడి కన్ను ఈ నెలాఖరు దాకా నిలబడితే గొప్పేనట. ముప్ఫై ఏళ్ళు అందరి ఫోటోలూ తీసిన మనిషి కదా, చూపుండగానే వాటిలోంచి వంద ఏరి పుస్తకం వేయాలని కూర్చున్నారు. ఫోటోలన్నీ స్టూడియోలో నువ్వు బిగించిన కంప్యూటర్ పెట్టెలో ఉన్నాయి. అది ఒక్కొక్కటి తెరవడానికి నిమిషం తీసుకుంటోంది. ఆ నిమిషమంతా "ఏది వస్తోంది? అందులో ఎవరున్నారు? వెనకాల ఏముంది?" అని ఆయన నా ప్రాణం తోడేస్తున్నారు. ఫోటో పేరు చదివి, గుర్తున్నంత చెప్పలేక చస్తున్నా. ఏదో ఒకటి చెయ్యి.

నీ అక్క

అక్కా,

పెట్టెలో రెండు జీబీల మెమరీయే ఉంది, పాపం దానికి ఊపిరాడట్లేదు. నాలుగుకి మించి పట్టదని కంపెనీ పుస్తకంలో ఉంటుంది, పట్టించుకోకు. కొత్త పెట్టె కొనిపించడానికి రాసిన మాట అది. పదహారు జీబీల ముక్క పంపుతున్నా. కరెంటు తీసేసి, మూత విప్పి, టిక్కుమనేదాకా నొక్కు.

తమ్ముడు

ఒరేయ్,

టిక్కుమంది. ఆ తర్వాత మూడుసార్లు కీచుమని ఎర్రలైటు వేసుకుని కూర్చుంది. నాలుగు రోజులు పోయాయి. పుస్తకం రాసినవాడికంటే నీకే ఎక్కువ తెలుసు మరి! నువ్వు పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు.

అక్క

అక్కా,

పాత ముక్క తీశావా?

తమ్ముడు

ఒరేయ్,

తీయమని రాశావా? పనిచేస్తున్న వస్తువుని తీసి పక్కన పడేయడం మనింటా వంటా ఉందా? పక్కన ఇంకో గాడి ఖాళీగా కనపడితే కొత్తది అందులో పెట్టాను. ఇప్పుడు పాతది తీస్తే పనిచేస్తోందిలే. నొక్కడం ఆలస్యం, ఫోటో వచ్చి పడుతోంది. కానీ మీ బావ ఏరుతున్నవి చూస్తే ఒళ్ళు మండుతోంది. నిన్న వేలు అడ్డం పడ్డ ఫోటో బాగుందన్నారు.

అక్క

అక్కా,

అదీ నా తప్పేనా?

తమ్ముడు

తమ్ముడూ,

నిన్న పెట్టె ఆగిపోయింది. తెర నల్లబడింది. నేను వంగి తీగలు చూస్తుంటే వెనకనుంచి మీ బావ, "ఇది బాగుంది, ఉంచు" అన్నారు.

ఎన్నాళ్ళైందని అడిగాను. నీకు మొదటి ఉత్తరం రాసేనాటికే ఏమీ కనపడట్లేదట. "నువ్వు చెప్తుంటే, తీసిన రోజు చూసినట్టే కనపడేది. ఇప్పుడు ఫోటో తటాలున వచ్చేస్తోంది, నువ్వు చెప్పడం మానేశావు. అందుకే నోటికొచ్చింది అంటున్నా" అన్నారు.

ఇన్నాళ్ళు దాచినందుకు నోరారా తిట్టాను. తర్వాత ఆయన పక్కనే కూర్చుని ఏడ్చాను.

నీ పదహారు ఈ కవర్లోనే వెనక్కి పంపుతున్నా. పాత రెండు మళ్ళీ పెట్టాను. పొద్దున్నుంచి పదకొండు ఫోటోలు ఏరాం, ఒక్కటీ వంక పెట్టేలా లేదు. కాకపోతే నేను సగం చెప్పేలోపే ఫోటో వచ్చేస్తోంది.

ఒక్క జీబీ ముక్క ఏదైనా ఉంటే పంపు.

నీ అక్క