కూర్మయ్య గోళ్ళు

మార్చి 8, శనివారం

ఇంట్లోకి తాబేలు వచ్చింది. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

గోవిందరాజులు అంకుల్ పోయిన నెల రిటైరయ్యారు. రేపు క్వార్టర్ ఖాళీ చేసి రాజమండ్రి వెళ్ళిపోతున్నారు. పొద్దున్నే మాణిక్యాంబ ఆంటీ మూడో అంతస్తు నుంచి దిగి వచ్చి, ఇత్తడి పళ్ళెం నా చేతిలో పెట్టారు. పళ్ళెంలో నీళ్ళు, నీళ్ళలో కూర్మయ్య. పన్నెండేళ్ళుగా వాళ్ళింటి దేవుడు. ముఖం ఉత్తరానికి తిప్పి పెట్టాలట, శనివారం శనివారం డిప్ప మీద నామం దిద్దాలట.

కాదనలేకపోయాను. మా అమ్మాయి వర్షిణికి డెంగ్యూ వచ్చినప్పుడు పదిరోజులు రెండుపూటలా చారన్నం పంపిన మనిషి. మొహమాటానికి మందు లేదు.

మార్చి 9

నీళ్ళు మార్చడానికి బయటికి తీశాను. గోళ్ళు చూసి చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఒక్కోటి వంకీ తిరిగి పక్కకి పోయింది. టైల్స్ మీద నడవబోయి నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి జారిపోయింది.

ఆంటీ ఇంకా స్టేషన్‌లోనే ఉన్నారు. ఫోన్ చేశాను. మంగళ, శుక్రవారాలు మనమే గోళ్ళు తీసుకోం, దేవుడికి ఏ వారం తీస్తామన్నారు. పన్నెండేళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదట.

మార్చి 11

ఇది నీళ్ళ తాబేలే కాదు! వర్షిణి నెట్‌లో చూసి చెప్పింది. మట్టి మీద నడిచే జీవాన్ని పన్నెండేళ్ళు పళ్ళెంలో కూర్చోబెట్టి దండం పెట్టారు. నేనూ మూడు రోజులు పెట్టాను.

బాల్కనీలో మట్టి పరిచాం. సాయంత్రం మందారం పువ్వు తింది.

ఇంకో వింత. ఈ హిందీ ఊళ్ళో పెరిగి, నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే నా పదకొండేళ్ళ కూతురు, బోర్లా పడుకుని దానితో తెలుగు మాట్లాడుతోంది. "తిను. ఇంకొంచెం తిను." ఇదేమిటే అంటే, ఆంటీ దానితో తెలుగే మాట్లాడేవారు కదా, దానికి హిందీ ఎలా వస్తుంది అంది. అదీ హిందీలోనే.

మార్చి 16, ఆదివారం

కూర్మయ్య గోళ్ళు నేనే తీద్దామనుకున్నాను.

నా నెయిల్ కట్టర్‌తోనే మొదలుపెట్టాను. వర్షిణి పట్టుకుంది. మొదటి రెండు గోళ్ళు బాగానే వచ్చాయి. అంత తేలికా అనుకున్నాను. మూడోది నల్లగా ఉంది, లోపల ప్రాణం ఎక్కడిదాకా ఉందో కనబడలేదు. కొంచెం ఎక్కువ కోశాను.

తాబేలుకి ఇంత ఎర్రటి రక్తం ఉంటుందని నాకు తెలియదు. అది అరవలేదు. తల మాత్రం లోపలికి లాక్కుంది.

"అమ్మా, రక్తం" అంది వర్షిణి. మమ్మీ అనలేదు.

వంటింట్లోకి పరిగెత్తి పసుపు తెచ్చి అద్దాను. ఆగింది.

మార్చి 17, సాయంత్రం 5

హాఫ్ డే పెట్టి మునిర్కాలో జంతువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. మిగతా గోళ్ళు ఆమె కత్తిరించి, ఆకురాయితో నున్నగా రాసింది. కూర్మయ్య కాదట, ఆడదట. నవ్వబోయాను.

అప్పుడు చెప్పింది. ఇది స్టార్ తాబేలు. ఇంట్లో ఉంచుకోవడం నేరం. కేసవుతుంది, జైలు కూడా. నా మెడలో ఆఫీసు ఐడీ కార్డు వేలాడుతోంది. ఆమె దాన్ని చూసి, వెంటనే ఫారెస్టు వాళ్ళకి అప్పగించమంది.

కేంద్ర ప్రభుత్వ సెక్షన్ ఆఫీసర్ని. కేసంటే ముందు సస్పెన్షన్. ఇంట్లో సంపాదించేదాన్ని నేనొక్కదాన్నే.

అదే రోజు, 7.30

ఆంటీకి ఫోన్ చేశాను. ఆమెకి తెలియదనే అనుకున్నాను.

"తెలుసమ్మా. నాలుగేళ్ళ కిందట ఎవరో చెప్పారు. పెన్షన్ కాయితాలు చేతికొచ్చేదాకా అంకుల్‌కి కంటిమీద కునుకుంటే ఒట్టు. బయట ఒదిలేద్దామంటే మనసొప్పలేదు. నువ్వయితే బాగా చూస్తావని..."

నా ఉద్యోగం సంగతేమిటని అడిగాను.

"నీకింకా పంతొమ్మిదేళ్ళ సర్వీసుంది కదమ్మా" అన్నారు. ఓదార్పుగానే అన్నారు.

ఫోన్ పెట్టేశాను. ఆ చారన్నం రుచి ఇంకా గుర్తుంది. అదే నాకు ఏడుపు తెప్పించింది.

మార్చి 18

ఆఫీసులో ఒక్క ఫైలూ కదల్లేదు. ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడ్డాను.

మార్చి 19

తెల్లవారగానే జోలెసంచీలో పెట్టుకుని పార్కుకి వెళ్ళాను. పొదల్లో వదిలేస్తే ఎవరికి తెలుస్తుంది? కింద పెట్టాను. అది నడిచింది. కొత్త గోళ్ళతో, మట్టి మీద, జారకుండా, నిటారుగా నాలుగడుగులు. అవతలి చెట్టు కింద మూడు కుక్కలు లేచి నిలబడ్డాయి.

ఎత్తుకుని ఇంటికొచ్చేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

మార్చి 20

ఫారెస్టు ఆఫీసులో అప్పగించాం. వర్షిణి వస్తానంది, దారంతా దాన్ని ఒడిలో పెట్టుకుంది. పళ్ళెం ఇంట్లోనే వదిలేశాం.

అక్కడి గుమాస్తా ఫారం ఇచ్చాడు. ఎక్కడిది, ఎన్నాళ్ళుగా ఉంది, ఎవరిచ్చారు. నా పెన్ను అక్కడే ఆగిపోయింది. గోవిందరాజులు అని రాస్తే నా తప్పు సగమవుతుంది. కోపం ఉంది, రాయాలనే ఉంది.

గుమాస్తా నా ముఖం చూసి, "మేడమ్, సబ్ కో గేట్ పే హీ మిల్తా హై" అన్నాడు. అందరికీ గేటు దగ్గరే దొరుకుతాయట.

గేటు దగ్గర దొరికింది అని రాసి సంతకం పెట్టాను. ఇన్నేళ్ళ సర్వీసులో తెలిసి తెలిసి నేను రాసిన మొదటి అబద్ధం. ఆ రెండుపూటల చారన్నానికి ఇదే చెల్లు.

లోపలికి తీసుకుపోతుంటే వర్షిణి వెనకాలే నడిచి, దానికి తెలుగే అర్థమవుతుందని అతనికి హిందీలో చెప్పింది.

మార్చి 29, శనివారం

వర్షిణి కుంకుమ భరిణె తెరిచి చూపించింది. నేను కోసిన మూడో గోరు, పసుపంటుకుని. దాచిందట.

ఇది ఇంట్లో ఉన్నా నేరమేనేమో. ఎవరినీ అడగలేదు. మూత పెట్టి, భరిణెని ఉత్తరం వైపు పెట్టాను.