వదలని ప్రోటీన్

తమ్ముడూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. రెడ్డిగూడెం తోటల్లో మామిడి పూతకి మళ్ళీ మందు కొడుతున్నారు. ఆ వాసన తగలగానే అమ్మ, "వాణ్ణి ఆ పనికి పంపింది నేనే కదే" అంది. ఏడాదిగా ఇదే మాట.

నేను కాలేజీలో చెప్పే పాఠమే అమ్మకీ చెప్పాను. "కణంలో ఒక ప్రోటీన్ ఉంటుందమ్మా. బయటినుంచి కబురొస్తే పక్క ప్రోటీన్‌ని పట్టుకుని, కణాన్ని రెండుగా చీలమంటుంది. పనయ్యాక వదిలేయాలి. తమ్ముడి ఒంట్లో అది వదల్లేదు. అందుకే ఆ క్యాన్సర్ గడ్డ పెరుగుతూ పోయింది."

"అయితే నేను పంపకపోయినా వచ్చేదా?"

అది డాక్టరుగారికే తెలియలేదు. నాకిక ఓపిక లేక, "వచ్చేదేనమ్మా" అన్నాను.

చాలా రోజులకి ఇవాళ అమ్మ పగటిపూట నిద్రపోయింది. నీకైనా నిజం చెబుదామని రాస్తున్నాను.

అక్క