మూతి వంకర

అమ్మడికి, అమ్మ దీవెనలు.

ఇక్కడ మేమిద్దరం క్షేమం అని మొదలుపెట్టమన్నాను మీ నాన్నను. పెట్టారు. క్షేమమంటే ఇప్పుడు మనింట్లో అర్థం, నేను గోడ పట్టుకోకుండా బాత్రూమ్ దాకా వెళ్ళగలుగుతున్నానని. నువ్వూ అల్లుడుగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. చేతిరాత ఆయనది, మాటలు నావి. నా నాలుకది ఇంకా నత్తనడకే. ఫోన్లో నా మాట నీకు అర్థం కాదు, ఆయనకైతే అలవాటైపోయింది. నేనొక ముక్క అంటాను, ఆయన రాసి చదివి వినిపిస్తారు, తప్పుంటే ఎడమచెయ్యి అడ్డంగా ఊపుతాను. రోజూ కాస్త కాస్త రాయిస్తున్నాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. కుడిచెయ్యి భుజం దాకా లేస్తోంది గానీ వేళ్ళు మాట వినడం లేదు. మొన్న సూదిలో దారం ఎక్కించబోయి పొద్దంతా కూర్చున్నాను, చివరికి ఏడుపొచ్చింది. కుట్టుమిషను అమ్మేయమని మీ మేనత్త సలహా. అమ్మను. దుమ్ము పట్టినా అక్కడే ఉంటుంది. కుట్టమని యూనిఫాంలు ఇచ్చినవాళ్ళు బట్ట వెనక్కి తీసుకెళ్ళారు, పాపం మొహమాటపడుతూనే. వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి మంచిదే, కాకపోతే నేను చెంచా పట్టుకున్నప్పుడల్లా చంటిపిల్లను మెచ్చుకున్నట్టు "శభాష్" అంటుంది. ఒళ్ళు మండుతుంది.

ఇక అసలు సంగతి. ఆ డాక్టరమ్మ మీద ఫిర్యాదు పెడతానని రాశావు. మెదడులో అడ్డుపడిన నెత్తురుగడ్డను కరిగించే మందు చేతిలో ఉండి కూడా ఎందుకు ఇవ్వలేదు, వేళకు ఇచ్చుంటే అమ్మ చెయ్యి దక్కేది కదా అన్నావు. దక్కేదేమో. కానీ ఆవిడ ఉద్యోగానికి ఎసరు పెట్టకు. ఆ మందు జబ్బు మొదలైన కొద్ది గంటల్లోపే ఇవ్వాలట. ఎప్పుడు మొదలైందో తెలియకుండా ఇస్తే మెదడులో నెత్తురు చిమ్మి మనిషే పోవచ్చట. అందుకని నేను చివరిసారి బాగా ఉన్నది ఎప్పుడో ఆవిడకు తెలియాలి. అది చెప్పాల్సింది మీ నాన్న.

పక్షవాతం నిద్రలోనే వచ్చిందని కదా నీకు చెప్పారు. నిద్రలో రాలేదు తల్లీ.

ఆ వారమంతా మా ఇద్దరికీ మాటల్లేవు. కుక్కర్ రబ్బరు తేవడం ఆయన మర్చిపోయి, నేను చెప్పనే లేదన్నారు. అంత గొప్ప విషయం మీద. ఆ పొద్దున నేను నిక్షేపంగా లేచి, టీ పెట్టుకుని, మిషను ముందు కూర్చున్నాను. ఆయన షాపుకు బయల్దేరుతున్నారు. ఉన్నట్టుండి నా చేతిలోంచి కత్తెర జారిపోయింది. "ఏమండీ" అనబోయాను, రాలేదు. మూతి ఒక పక్కకు లాగేసింది. ఆయన చూశారు. సరిగ్గా నా మొహంలోకే చూశారు.

"కత్తెర విసిరికొట్టేదాకా వచ్చిందా? ఆ మూతి మూడు వంకర్లు తిప్పడం ఎందుకు, ఏదన్నా ఉంటే నోటితో చెప్పొచ్చుగా" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

కళ్ళజోళ్ళ షాపు నడిపే మనిషి. పొద్దస్తమానం జనం మొహాల మీద ఫ్రేము వెంట్రుకవాసి పక్కకు ఒరిగినా పట్టేసే మనిషి. పెళ్ళాం మూతి వంకరపోతే మాత్రం ఆయనకు పొగరుగా కనపడింది.

అంతవరకైతే నేను సర్దుకునేదాన్నే. మూతి తిప్పడం నాకు అలవాటే కదా, పొరబడ్డారులే అనుకునేదాన్ని. షాపు తాళాలు మర్చిపోయి కాసేపటికే వెనక్కి వచ్చి, కింద పడున్న నన్ను చూసి, పక్కింటాయన కారులో వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తారు. అప్పటికింకా వేళ మించలేదు. డాక్టరమ్మ నా తలకు స్కానింగ్ తీయించి, మందు తెప్పించి పక్కనే పెట్టుకుని అడిగింది. "ఈవిడ మామూలుగా ఉండగా చివరిసారి ఎప్పుడు చూశారు?"

నిజం చెబితే, కళ్ళారా చూసి కూడా ఎలా వెళ్ళిపోయారని అడుగుతారు. నలుగురిలో తలవంపులని ఆయన భయం.

"రాత్రి పడుకునేటప్పుడండీ. పొద్దున లేచేసరికే ఇలా ఉంది" అన్నారు.

నాకు అన్నీ వినపడుతున్నాయి. ఆవిడకు ఏదో అనుమానమొచ్చి నా మీదకు వంగింది. "నిద్రలోనే వచ్చిందా అమ్మా?" అంది. ఊహూ అనబోయాను. ప్రాణాలన్నీ కూడదీసుకుని అనబోయాను. సగమే వచ్చింది. "ఊ" అని వచ్చింది. తల అడ్డంగా ఊపానో నిలువుగా ఊపానో నాకే తెలియదు. ఆవిడ ఇంకొకసారి ఆయన వైపు చూసింది. ఆయన నేల చూపులు చూశారు. మందు తీసేయమని నర్సుకు చెప్పింది.

ఇక్కడికి వచ్చేసరికి మీ నాన్న కలం ఆపేశారు. "తెలియక అన్నానని చేర్చనా?" అని అడిగారు. వద్దన్నాను. తెలిసే అన్నారు. "అమ్మాయికి ఇది తెలిస్తే ఇంక నా మొహం చూస్తుందా?" అన్నారు. అది మీరూ మీ కూతురూ చూసుకోండి, చెయ్యని తప్పుకు పరాయి ఆడపిల్ల ఎందుకు తల దించుకోవాలి అన్నాను. ఇంత పొడుగు మాట చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. అంతసేపూ కూర్చుని విన్నారు, తర్వాత రాశారు.

నువ్వు ఫిర్యాదు మానుకో. నాన్నతో మాట్లాడతావో మానతావో నీ ఇష్టం, నేను మధ్యలోకి రాను. ఆయన ఇప్పుడు నన్ను కంటికి రెప్పలా చూసుకుంటున్నారు, అబద్ధమెందుకు చెప్పాలి. తినిపిస్తారు, తల దువ్వుతారు, నేను నోరు తెరిస్తే చాలు చెవి దగ్గర పెడతారు. ఈ పూట తల దువ్వుతూ, "నన్ను క్షమించావా?" అని అడిగారు.

"ఊహూ" అన్నాను. ఈసారి రెండక్షరాలూ వచ్చాయి.

ఇట్లు,
ఇదంతా మీ నాన్న చేతే రాయించిన
అమ్మ